నిరీక్షణ, స్వస్థత: డిచ్‌పల్లి ఆసుపత్రి చరిత్రలో ఈ రెండు మాటలకు అర్థం

  

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. విషయం కుష్ఠు వ్యాధి. మన ఊర్లలో ముసలోళ్ళు ఆ పేరు కూడా నోట పలకరు, 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి చెప్తారు. చదువుకోవడానికి, పని చేసుకోవడానికి ఉప్పల్, నాచారం వైపు వచ్చి రూముల్లో, హాస్టళ్ళలో ఉంటున్న మనకు ఇప్పుడు దీంతో ఏం పని అనుకోవచ్చు. పని ఉంది, చెప్తా.

మనలో చాలామంది ఆదివారం ప్రార్థనకు పోతారు. పోనివాళ్ళు కూడా పక్క సందులో మైకులో వచ్చే వాక్యం వింటూనే ఉంటారు. అక్కడ ఎక్కువసార్లు వినపడే మాట ఒకటుంది. ఎంత శ్రమ వచ్చినా దేవుడు మళ్ళీ నిలబెడతాడని. నమ్మేవాళ్ళకు అది పెద్ద ధైర్యం. నమ్మనివాళ్ళకు ఒట్టి మాట. నేను చరిత్ర చదివేవాణ్ణి కాబట్టి నాకు వచ్చే ప్రశ్న వేరు. మన నేల మీద అది ఎప్పుడైనా జరిగిందా? జరిగితే ఎవరి చేతుల మీదుగా, ఎన్నేళ్ళకు జరిగింది? ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబుల్లో అన్నిటికంటే దగ్గరది నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఉంది.

ముందు ఆ రోగం సంగతి

కుష్ఠు అనేది శాపం కాదు, వంశంలో వచ్చేది కాదు. అదొక బ్యాక్టీరియా. 1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ దాన్ని కనిపెట్టాడు. ఆ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది. ఒంట్లోకి వచ్చాక బయటపడటానికి సగటున ఐదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. అది దెబ్బ కొట్టేది నరాల మీద. చర్మం మీద ఒక మచ్చ వస్తుంది, అక్కడ స్పర్శ పోతుంది. పొయ్యి మీద వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ పుండ్లు ముదిరి వేళ్ళు పోతాయి. జనం మాత్రం రోగమే వేళ్ళను తినేస్తుందని అనుకున్నారు.

మందు లేని కాలంలో దీనికి ఊరు చేసిన వైద్యం ఒక్కటే, బయటికి పంపెయ్యడం. ఊరి చివర గుడిసె, లేకపోతే రైల్వే స్టేషన్ దగ్గర అడుక్కోవడం. చట్టం కూడా అట్లాగే ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1898లో వచ్చిన లెపర్స్ యాక్ట్ ప్రకారం, ఈ రోగం ఉన్న బీదవాణ్ణి వారెంటు లేకుండా పట్టుకుని ఆశ్రమంలో పెట్టొచ్చు. పబ్లిక్ బావిలో నీళ్ళు తోడుకోకుండా, తినే వస్తువులు అమ్మకుండా ఆపొచ్చు. 'బీదవాణ్ణి' అన్నది గమనించండి. డబ్బున్నవాడికి అదే రోగం వస్తే ఇంట్లోనే ఉండొచ్చు. మన పెద్దల మీద కూడా ఒక చట్టం వచ్చింది కదా, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. పుట్టుకను బట్టి నేరస్తుడని రాసిన చట్టం అది. ఈ రెండూ ఒకే ప్రభుత్వం నుంచి వచ్చినవే.

ఇందూరుకు వచ్చిన ఇద్దరు

ఇసబెల్ కెర్ స్కాట్లాండ్‌లో రైతు కుటుంబంలో 1875లో పుట్టింది. అబర్డీన్ యూనివర్సిటీలో 1903లో డాక్టరు చదువు పూర్తి చేసింది. ఆడవాళ్ళు డాక్టర్లు కావడం అక్కడ కూడా అరుదైన రోజులవి. భర్త జార్జ్ కెర్ పాస్టరు. 1907లో ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. ఇప్పటి నిజామాబాద్, అప్పట్లో జనం నోట్లో ఇందూరు, వాళ్ళు పనిచేసిన చోటు.

అక్కడ కుష్ఠు వచ్చినవాళ్ళకు వైద్యం చేసే చోటే లేదని ఆమె చూసింది. 1911లో చిన్నగా ఒక ఆశ్రమం మొదలుపెట్టారు. అది సరిపోలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకొచ్చి పెద్ద విరాళం ఇచ్చాడు. దాంతో 1915లో నిజామాబాద్‌కు కొంచెం ముందు, డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. ఇవాళ కూడా కాచిగూడ నుంచి నిజామాబాద్ పోయే రైలు డిచ్‌పల్లి స్టేషన్ మీదుగానే పోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ కథను మిషనరీల గొప్పతనంగా మాత్రమే చెప్పేవాళ్ళుంటారు. మతం మార్చడానికే చేశారు అని కొట్టిపారేసేవాళ్ళూ ఉంటారు. కానీ ఆసుపత్రి కట్టిన డబ్బులో హిందువు చెయ్యి ఉంది. నేల నిజాం రాజ్యంలో ఉంది. వైద్యం చేసిన డాక్టరమ్మ క్రైస్తవురాలు. పడుకున్న రోగులు అందరి ఇళ్ళ నుంచి గెంటేసినవాళ్ళు. ఒక్క వరసలో చెప్పేస్తే ఈ చరిత్రలో సగం పోతుంది.

ఇంకోటి, దాని పేరులోనే 'ఆసుపత్రి' అని ఉంది. అప్పటిదాకా కుష్ఠుకు ఉన్నవి ఎక్కువగా ఆశ్రమాలు, అంటే చచ్చేదాకా ఉండే చోట్లు. ఆసుపత్రి అంటే వైద్యం చేయించుకుని ఇంటికి పోయే చోటు. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిన మనిషికి 'నువ్వు ఇంటికి పోతావు' అని చెప్పడమే పెద్ద సాహసం.

అడవి గింజల నూనె

అప్పుడున్న మందు చాల్‌ముగ్రా జాతి నూనె. డిచ్‌పల్లిలో వాడింది హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నుంచి తీసేది. ఈ చెట్లు పడమటి కనుమల అడవుల్లో పెరుగుతాయి. ఇప్ప గింజలు, కానుగ గింజలు ఏరి నూనె పట్టించిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. అడవి గింజలో మందు ఉందంటే మనకు ఆశ్చర్యం ఏముంది. సుశ్రుత సంహితలో కూడా 'తువరక' పేరుతో ఈ జాతి నూనె ప్రస్తావన ఉంది. డాక్టర్లు దాన్ని కొత్తగా కనిపెట్టలేదు. పాత మందునే ఒంటికి పట్టేటట్టు మార్చారు.

ఎందుకంటే ఆ నూనె తాగితే వాంతులు. చిక్కగా ఉండటంతో సూదిగా ఇస్తే ఒంట్లో కలవదు. ఈ చిక్కుముడిని హవాయిలో 1915-16 ప్రాంతంలో విప్పినవాళ్ళలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి ముఖ్యురాలు. కెమిస్ట్రీలో మాస్టర్స్ చేసి, ఆ నూనెను సూది మందుగా మార్చే పద్ధతి కనిపెట్టింది. 1916 చివరి రోజున 24 ఏళ్ళకే చనిపోయింది. ఆమె పనిని ఇంకొకాయన తన పేరు మీద వేసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆమె పేరు బయటికి రాలేదు. ల్యాబుల్లో చదువుతున్న మన చెల్లెళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో ఇదే దారిలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టర్లు కలకత్తాలో పనిచేశారు. మ్యూర్ పద్ధతిని ఇసబెల్ కెర్ 1920ల్లో డిచ్‌పల్లికి తెచ్చింది. మ్యూర్ చెప్పింది సూది ఒక్కటే కాదు. మంచి తిండి, ఒళ్ళు కదిలే పని, మిగతా జబ్బులు ముందు నయం చేయడం, ఇవన్నీ కలిస్తేనే మందు పనిచేస్తుందని. రోగిని మూల కూర్చోబెట్టి అన్నం పెట్టే పద్ధతికి ఇది పూర్తిగా తిరుగు.

ఆ సూదులు నొప్పిగా ఉండేవి. వారం వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి. అందరికీ నయం కాలేదు. రోగం మొదట్లో వచ్చినవాళ్ళకు బాగా గుణం కనిపించింది, ముదిరినవాళ్ళకు తక్కువ. నయమైంది అనుకున్న కొందరికి మళ్ళీ వచ్చింది. దాన్ని అద్భుతం అని చెప్పడం అబద్ధం అవుతుంది. కానీ ఒక దారి దొరికింది.

భార్యాభర్తలిద్దరికీ 1923లో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఇసబెల్ 1932 జనవరిలో కన్నుమూసింది. జార్జ్ 1938 దాకా ఆ పనిలోనే ఉన్నాడు. డిచ్‌పల్లిలో డాక్టరుగా పనిచేసిన జాన్ లోవ్ తర్వాత కలకత్తా వెళ్ళి, అక్కడి నుంచి ఆఫ్రికాలోని నైజీరియా చేరుకున్నాడు. 1940ల చివర్లో ఉజుఅకోలి అనే ఊర్లో డాప్సోన్‌ను మాత్రగా తక్కువ మోతాదులో ఇచ్చి నయం చేయొచ్చని చూపించినవాళ్ళలో ఆయన ఒకడు. చవకైన మాత్ర, నోట్లో వేసుకుంటే చాలు. నూనె సూదుల కాలం అక్కడితో అయిపోయింది. మన తెలంగాణ పల్లెలో రోగుల మధ్య పని నేర్చుకున్న మనిషి చేతి నుంచి ఆఫ్రికా పల్లెకు మందు పోయిందన్నమాట.

రెండు మాటలు

ఇప్పుడు శీర్షికలో పెట్టిన మాటల దగ్గరికి వస్తా.

తెలుగు బైబిల్లో 'ఆశ' అనాల్సిన చోట 'నిరీక్షణ' అని ఉంటుంది. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. చర్చికి పోయేవాళ్ళకు రెండు అర్థాలూ కలిసిపోయి వినపడతాయి. అనువాదం చేసినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గానీ, డిచ్‌పల్లి చరిత్రకు ఆ మాట సరిగ్గా సరిపోయింది. అక్కడ ఆశ అంటే ఒక రాత్రిలో జరిగిపోయేది కాదు. వచ్చే వారం మళ్ళీ సూదికి లైన్లో నిలబడటం. ఉత్తగా కూర్చుని ఎదురుచూడటం కూడా కాదు. సూది వేయించుకోవాలి, తిండి తినాలి, ఒంటితో పని చేయాలి, మచ్చలో స్పర్శ వచ్చిందా లేదా అని చూసుకోవాలి. చేసేవాళ్ళకూ అంతే. ఇసబెల్ కెర్ 1907లో వచ్చింది, మంచి సూది పద్ధతి చేతికొచ్చింది 1920ల్లో. మధ్యలో పదిహేనేళ్ళ దాకా సరైన మందు లేకుండానే ఆ మనుషుల దగ్గర ఉంది. విశ్వాసం ఏం చేసిందని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తా. మందు విశ్వాసం ఇవ్వలేదు, అది అడవి నుంచి, ల్యాబు నుంచి వచ్చింది. మందు వచ్చేదాకా వదిలిపెట్టి పోకుండా ఉండే ఓపికను విశ్వాసం ఇచ్చింది.

రెండో మాట 'స్వస్థత'. స్వస్థత ప్రార్థనలు అని పోస్టర్లు ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా గోడల మీద చూస్తూనే ఉంటాం. ఆ మాటను విడగొట్టి చూడండి. స్వ అంటే తన. స్థ అంటే ఉండటం. తన చోట తాను ఉండటమే స్వస్థత. అట్లా చూస్తే రోగం తగ్గడం సగం పనే. మనిషి తన ఇంటికి, తన గూడేనికి, తన తండాకు తిరిగి పోయి అందరితో కలిసి కూర్చుని తింటేనే పని పూర్తయినట్టు.

సువార్తల్లో కూడా ఇదే ఉంది. కుష్ఠు మనిషిని యేసు ముట్టుకున్నాడు అన్నంతవరకే అందరూ చెప్తారు. ఆ తర్వాత, పోయి యాజకునికి చూపించుకో అని పంపాడు. ఎందుకు? ఆ కాలంలో ఊర్లోకి మళ్ళీ రానివ్వాలంటే యాజకుడు ఒప్పుకోవాలి. అంటే అది ఇంటికి పోవడానికి కావలసిన సర్టిఫికెట్. ఇంకో కథలో పదిమందికి నయమైతే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడు సమరయుడు, అక్కడివాళ్ళు వేరుగా చూసే జాతివాడు. వేరుగా చూడబడటం అంటే ఏంటో మనకు వివరించనక్కర్లేదు.

మెచ్చుకోలేనివి కూడా ఉన్నాయి

చరిత్ర రాసేటప్పుడు ఒక పక్కే రాస్తే అది భజన అవుతుంది. ఆ కాలం కుష్ఠు ఆశ్రమాల్లో చాలాచోట్ల ఆడవాళ్ళను, మగవాళ్ళను వేరుగా ఉంచేవాళ్ళు. రోగం లేని పిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసి వేరే హోముల్లో పెంచేవాళ్ళు. రోగం అంటకూడదనే ఉద్దేశం. కానీ ఆ తల్లి కడుపుకోత ఏ రిపోర్టులోనూ లేదు. వైద్యం చేసినవాళ్ళ పేర్లు, పతకాలు మనకు దొరుకుతాయి. రోగుల పేర్లు దొరకవు. వాళ్ళ మాటల్లో వాళ్ళ కథ రాసుకునే వీలు వాళ్ళకు రాలేదు. మన తాతల చరిత్ర కూడా ఇట్లాగే కలెక్టర్ల, దొరల రాతల్లోనే మిగిలింది కదా.

ఇంకో మాట, ప్రసంగం చేసే అన్నలతో, అక్కలతో. 'పాపమనే కుష్ఠు' అని తేలిగ్గా అనేస్తుంటాం. లేవీయకాండంలో కుష్ఠు అని తెలుగులో రాసిన హీబ్రూ మాట ఇప్పటి ఈ ఒక్క జబ్బుది కాదు. బట్టల మీద, ఇంటి గోడల మీద వచ్చేదాన్ని కూడా అదే మాటతో పిలిచారు. గోడకు ఈ క్రిమి పట్టదు కదా. మనం ఆ పోలిక వాడిన ప్రతిసారీ, మందిరంలో వెనక వరసలో కూర్చున్న ఎవరో ఒకరు తన చేతి మీది మచ్చను చీర కొంగుతో కప్పుకుంటారు. ఆశ ఇచ్చిన చోటే సిగ్గు కూడా అంటగడితే డిచ్‌పల్లి పని సగం వెనక్కి పోతుంది.

మన పక్కనే

ఇదంతా పాత సంగతి, డిచ్‌పల్లి దూరం అనుకోవద్దు. నాచారం దాటి మల్లాపూర్ మీదుగా పోతే చర్లపల్లి. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ తెరిచింది అక్కడే. అదే చర్లపల్లిలో లెప్రా సంస్థ వాళ్ళ బ్లూ పీటర్ రీసెర్చ్ సెంటర్ ఉంది. కుష్ఠు, టీబీ లాంటి జబ్బుల మీద పరిశోధన చేస్తారు. బ్లూ పీటర్ అన్నది బ్రిటన్‌లో పిల్లల టీవీ ప్రోగ్రాం పేరు. లెప్రా సంస్థ 1924లో లండన్‌లో మొదలైంది. మొదలుపెట్టినవాళ్ళలో పైన చెప్పిన డాక్టర్ రోజర్స్ ఉన్నాడు, ఫ్రాంక్ ఓల్డ్రీవ్ అనే పాస్టరు కూడా ఉన్నాడు. ఇక్కడ కూడా డాక్టరు, పాస్టరు కలిసే మొదలుపెట్టారు.

చట్టాలూ మారాయి, కానీ ఎంత ఆలస్యమో చూడండి. 1898 నాటి లెపర్స్ యాక్ట్ రద్దయింది 2016లో. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో కుష్ఠు నయమైనవాళ్ళను కూడా చేర్చారు. కుష్ఠు ఉందని విడాకులు తీసుకునే వీలును 2019లో తీసేశారు. అంటే రోగానికి మాత్ర దొరికిన తర్వాత ఏడు దశాబ్దాలకు గానీ చట్టం మనిషిని ఇంట్లోకి రానివ్వలేదు.

ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని మన దేశం 2005 చివర్లో చెప్పుకుంది. దానర్థం పదివేల మందిలో ఒక్కరి కంటే తక్కువకు చేరిందని, పూర్తిగా పోయిందని కాదు. ఇప్పటికీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. రోడ్డు లేని ఊర్లలో, ఆశా అక్క కూడా నడిచి పోవాల్సిన గూడేల్లో ఆలస్యంగా బయటపడుతుంది. ఆలస్యమైతే వేళ్ళు వంకర పోతాయి. అప్పుడు మందు క్రిమిని చంపుతుంది గానీ పోయిన నరాన్ని వెనక్కి తేలేదు.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి అక్కడ గిల్లినా తెలియకపోతే, చేతులు కాళ్ళు మొద్దుబారితే, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఊర్లో అయితే పీహెచ్‌సీ, ఇక్కడ బస్తీ దవాఖానా లేదా ఏదైనా సర్కారు ఆసుపత్రి. ఫ్యాక్టరీలో పనిచేస్తూ కార్డు ఉన్నవాళ్ళకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఎండీటీ అనే మందుల కోర్సు ఉచితం. రోగం రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వేరేవాళ్ళకు అంటించే శక్తి పోతుంది. అసలు నూటికి తొంభై మందికి పైగా ఈ క్రిమి సోకినా రోగం రాదు, ఒంటి శక్తే ఆపేస్తుంది. రూమ్మేటుకు వచ్చిందని తెలిస్తే ప్లేటు, బకెట్టు వేరు చేయాల్సిన పని లేదు. చేయాల్సింది నెలనెలా మందు తెచ్చుకున్నాడా అని అడగడం.

డిచ్‌పల్లిలో ఆ పని మొదలైనప్పుడు మందు సరిగ్గా లేదు, మనుషులు మాత్రం పక్కన ఉన్నారు. ఇప్పుడు మందు ఉచితంగా ఉంది, పక్కన ఉండే మనుషుల గురించే అనుమానం. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఆయన పేరు మీద, పెన్‌ను, సేవాలాల్‌ను మొక్కేవాళ్ళు వాళ్ళ పేరు మీద, ఏదీ నమ్మనివాళ్ళు మనిషి పేరు మీద, ఎవరి దారిలో వాళ్ళు చేయొచ్చు ఈ పని.

ఒక చిన్న కోరిక. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ముసలోళ్ళను అడగండి. మీ గూడెంలో, తండాలో పెద్దరోగం వచ్చినవాళ్ళను ఎక్కడ ఉంచేవాళ్ళు, ఎవరు అన్నం పెట్టేవాళ్ళు, ఎవరైనా నయమై తిరిగొచ్చారా అని. పేర్లు బయటపెట్టొద్దు, సంగతి మాత్రం రాసి ఇక్కడ పెట్టండి. ఆసుపత్రి రిజిస్టర్లలో లేని సగం చరిత్ర అదే.